కాలు బెణికితే తోమించుకోకండి

చిరంజీవులైన పిల్లలకు,

కబడ్డీలోనో ఖోఖోలోనో కాలు మడతపడి చీలమండ బూరెలా పొంగితే, ఇంట్లో ఎవరో ఒకరు నూనె వేడిచేసి తోమడానికి కూర్చుంటారు. ప్రేమతోనే చేస్తారు గానీ, వద్దని చెప్పండి. పాదం లోపలికి మడత పడినప్పుడు బయటివైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. అక్కడ తోమినా, కాపడం పెట్టినా నెత్తురు ఇంకా ఊరి వాపు పెరుగుతుంది.

మొదటి రెండు రోజులు ఐసుముక్కలను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. రెండు మూడు గంటలకోసారి అలాగే చెయ్యాలి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. పడుకున్నప్పుడు కాలి కింద దిళ్లు వేసి గుండె కన్నా ఎత్తులో ఉంచండి. క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదలు నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోయినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్యండి. బిగుతుగా కట్టిన నాటుకట్టుతోనూ ఇదే ప్రమాదం. రక్తం ఆడక కాలికే ముప్పు రావచ్చు.

ఎముక విరిగిందేమోనన్న అనుమానం తీరాలంటే ఒక వేలితో నొక్కి చూడండి. చీలమండకు రెండు పక్కలా గుబ్బల్లాంటి ఎముకలున్నాయి కదా, వాటి వెనక అంచు మీద, కింది కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా ఎక్కడైనా నొక్కితే ప్రాణం పోయినట్టుందా? పాదం బయటి అంచుకు మధ్యలో తగిలే బుడిపె నొప్పెడుతోందా? లోపలివైపు, పాదం వంపుకు పైనున్న ఎముక? కుంటుకుంటూ కూడా నాలుగడుగులు వెయ్యలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటున్నా ఎక్స్‌రే తియ్యాల్సిందే. ఎదిగే వయసులో ఎముక కొసన ఉండే మెత్తటి పొర లిగమెంటు కన్నా బలహీనం. ఆ దెబ్బ ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. అందుకే నొప్పి సరిగ్గా ఎక్కడుందో డాక్టరుకు వేలు పెట్టి చూపించండి. పాదం ఎటు మడతపడింది, ‘టప్’మని చప్పుడైందా, పడగానే లేచి నడిచారా అన్నవీ చెప్పండి.

మన దగ్గర పాదాలకే ప్రత్యేకించిన పోడియాట్రిస్టులు అరుదు. ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్లండి.

నొప్పి తగ్గాక కాలి బొటనవేలితో గాలిలో అ ఆ ఇ ఈ రాయండి. తర్వాత రోజూ ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. లిగమెంటు దెబ్బతింటే కాలికి నిలకడ తెలియదు. ఈ సాధన మానేసినవాళ్లకు అదే కాలు మళ్లీ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ.

కాలిగోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలలు లోపలికి కోస్తే గోరు కండలోకి దిగి చీము పడుతుంది.

ఇంకొక్కమాట. ఇంట్లో షుగరున్న తాతయ్యో అమ్మమ్మో ఉంటే, ఆనెలను బ్లేడుతో కోసుకోనివ్వకండి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వంగి అరికాలు చూసుకోవడం వాళ్లకు కష్టం, మీ కళ్లు చురుకైనవి. రోజూ రాత్రి లైటు వేసి వాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. చిన్న పొక్కు కనిపించినా మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లమని పెద్దవాళ్లను పట్టుబట్టండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య