తిరుపతి గాలిని దాటలేని తరంగాలు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో చంద్రగిరి దాటి ఇంకొంత ముందుకు పోతే గాదంకి వస్తుంది. అక్కడ కొండల నడుమ చదును నేలలో వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024 యాంటెన్నాలు తాడు పట్టి నాటినట్టు నిలబడి ఉంటాయి. అది ఎంఎస్‌టీ రాడార్. 1990ల తొలినాళ్ల నుంచి మన నెత్తిమీది గాలి ఏ ఎత్తున ఎటు కదులుతోందో చెబుతోంది. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైమాటే. ఈ ప్రాంతంలో పుట్టిపెరిగిన పిల్లలకు రేడియో శాస్త్రం అనగానే గుర్తొచ్చే రూపం అదే.

ఆ తరంగాన్ని ఐదున్నర మీటర్ల నుంచి ఒక్క మిల్లీమీటరుకు కుదిస్తే మాత్రం మన ఆకాశం తలుపులు మూసేస్తుంది. గాలిలోని నీటి ఆవిరి ఆ తరంగాలను మింగేస్తుంది. వానాకాలంలో మన మీద ఉన్న గాలిని పిండి, వచ్చిన నీటిని నేలమీద పరిస్తే 40, 50 మిల్లీమీటర్ల మందాన నిలుస్తుంది. చిలీ దేశంలో 5000 మీటర్ల ఎత్తున ఉన్న చాహ్నంతోర్ పీఠభూమి మీద అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అందుకే ప్రపంచంలోని పెద్ద మిల్లీమీటరు టెలిస్కోపుల్లో చాలావరకు ఎత్తయిన, ఎండిపోయిన చోట్ల ఉన్నాయి. నక్షత్రాలు పుట్టే చల్లని వాయుమేఘాలను, గ్రహాలు రూపుదిద్దుకునే ధూళి పళ్లేలను బాగా చూపించేది ఈ తరంగాలే.

ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ వచ్చాక, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఎలాగూ ముందునుంచీ ఉన్నందున, తిరుపతిలో భౌతికశాస్త్రం చదివే పిల్లల సంఖ్య పెరిగింది. వాళ్లలో కొందరు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడ కట్టడానికే వీలులేని టెలిస్కోపు గురించి ఇక్కడ కూర్చుని ఎలా నేర్చుకోవడం? నా సమాధానం కూడా ఒకటే. ఈ సాంకేతికత నూరేళ్లకు పైగా రాతలోనే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేరింది. రాత చేరని చోట ఆగిపోయింది. కాబట్టి ఏ పత్రం ఎవరికి అందుతోంది అన్నది మనకు గ్రంథాలయం పద్దు మాత్రమే కాదు, ఈ శాస్త్రంలోకి మనకున్న ఏకైక దారి.

ఈ కథ మొదలైంది మన దేశంలోనే. 1890ల మధ్యలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 5 మిల్లీమీటర్ల వరకు పొట్టి తరంగాలను పుట్టించి, వాటిని పట్టి చూపించారు. అప్పటికి మిగతా ప్రపంచం పొడవాటి తరంగాలతో తంటాలు పడుతోంది. 1897లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తన పరికరాలను అందరి ముందూ పెట్టి వివరించారు. ధనం చేసుకోవాలన్న ఆశ ఆయనకు లేదు. స్నేహితులు పట్టుబట్టిన మీదట గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. అది 1904లో మంజూరైంది. దాన్ని ఆయన వ్యాపారంగా మార్చుకోలేదు.

నన్ను ఎప్పటికీ కదిలించే సంగతి ఆ తర్వాతిది. లండన్‌లో బోస్ వివరించిన సరిగ్గా వందేళ్లకు, అంటే 1997లో, అమెరికా జాతీయ రేడియో ఖగోళ సంస్థలో పనిచేసే ఎమర్సన్ అనే శాస్త్రవేత్త, బోస్ చేసిన పని మీద ఒక పత్రం రాశారు. కిట్ పీక్ కొండ మీది 12 మీటర్ల టెలిస్కోపుకు తాము కొత్తగా అమర్చిన 1.3 మిల్లీమీటర్ల రిసీవర్‌లో బోస్ 1897 నాటి పత్రాల్లోని ఆలోచనలు కొన్ని వాడామని అందులో చెప్పారు. కలకత్తాలో రాసిన వివరం శతాబ్దం తర్వాత అరిజోనా ఎడారిలో పనికొచ్చింది. ఆ పరికరాల కొలతలు, అమరిక బోస్ దాచుకుని ఉంటే ఇది జరిగేదా?

నడుమ అరవై, డెబ్బై ఏళ్లు రేడియో ఖగోళశాస్త్రం పొడవాటి తరంగాలతోనే గడిచింది. 1930ల మొదట్లో కార్ల్ జాన్‌స్కీ పాలపుంత నుంచి వస్తున్న రేడియో సవ్వడిని 14.6 మీటర్ల తరంగం మీద విన్నాడు. తర్వాత వచ్చిన మన ఊటీ రేడియో టెలిస్కోపు, పుణె దగ్గరి జీఎంఆర్‌టీ కూడా మీటర్ల తరంగాల బాటే పట్టాయి. ఆ తరంగాలకు తీగల వల చాలు, అద్దంలాంటి నున్నని రేకు అక్కరలేదు. జీఎంఆర్‌టీ యాంటెన్నాలను 45 మీటర్ల వెడల్పున తక్కువ ఖర్చులో నిలబెట్టగలిగింది ఆ సులువు వల్లే.

మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ సులువు పోతుంది. డిష్ ఉపరితలంలోని ఎత్తుపల్లాలు తరంగం పొడవులో ఇరవయ్యో వంతుకు చేరితే చాలు, వచ్చిన శక్తిలో మూడో వంతు వృథా. ఈ లెక్క చూపే సూత్రం జాన్ రూజ్‌ది. 1966లో ఆయన రాసిన సమీక్షను నేటికీ యాంటెన్నాలు కట్టేవాళ్లు పక్కన పెట్టుకునే పని మొదలుపెడతారు. చిలీలోని ఆల్మా అనే మిల్లీమీటరు యాంటెన్నాల సమూహంలో ఎక్కువ డిష్‌ల వెడల్పు 12 మీటర్లు. వాటి ఉపరితలంలో అనుమతించిన తేడా 25 మైక్రాన్లు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాల్లోంచి ఒక్క వెంట్రుక తీసి, దాని మందాన్ని మూడు పాళ్లు చేస్తే అందులో ఒక పాలు దాదాపు అంత. ఎండ కాసినా, గాలి వీచినా, డిష్ తల వంచినా ఆ కొలత చెదరకూడదు.

అది ఎంత కష్టమో మొదట తెలిసివచ్చింది కిట్ పీక్‌లోనే. 1967లో అక్కడ 36 అడుగుల డిష్ నిలబెట్టారు. ఫ్రాంక్ లో అనే శాస్త్రవేత్త 1961లో చేసిన జెర్మేనియం బోలోమీటర్ (తరంగాలు తెచ్చే వేడిని కొలిచే పరికరం) మీద పెట్టుకున్న ఆశ దానికి మూలం. ఆ డిష్ అనుకున్నంత బాగా రాలేదు. వేడికి ఆకారం మారేది, గురి తప్పేది. అయినా 1970లో బెల్ ల్యాబ్స్ నుంచి విల్సన్, జెఫర్ట్స్, పెంజియస్ తమ రిసీవర్ మోసుకొచ్చి దానికి తగిలించి ఒరాయన్ నెబ్యులా వైపు తిప్పారు. 2.6 మిల్లీమీటర్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువరించే వర్ణపట గీత కనిపించింది. పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మేఘాల పటం గీయడానికి తాళంచెవి దొరికిన రోజది. టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో తయారైన రిసీవర్, ప్రజల సొమ్ముతో కట్టిన టెలిస్కోపు: రెండూ ఒకచోట కలవకపోతే ఆ రోజు లేదు. దాన్ని నడిపిన జాతీయ రేడియో ఖగోళ సంస్థ టెలిస్కోపు సమయాన్ని దేశం చూడకుండా, ప్రతిపాదన బాగోగులు చూసి కేటాయించేది. 1980ల మొదట్లో ఆ డిష్‌కు కొత్త ఉపరితలం వేసి 12 మీటర్లు చేశారు. ఎమర్సన్ చెప్పిన రిసీవర్ తర్వాత చేరింది దీనికే.

డిష్ తర్వాత రిసీవర్. రెండు అతివాహక (బాగా చల్లబరిస్తే విద్యుత్తుకు అడ్డు చూపని) పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల అవాహక పొర పెట్టి, మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చల్లబరిస్తే, అతి బలహీనమైన మిల్లీమీటరు సంకేతాన్ని కూడా పెద్దగా సొంత రొద కలపకుండా సులువుగా కొలవగల తక్కువ ఫ్రీక్వెన్సీకి దించుతుంది. దీన్ని ఎస్‌ఐఎస్ మిక్సర్ అంటారు. 1979లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు బృందాల పత్రాలు వెంటవెంటనే అచ్చయ్యాయి. ఒకటి బర్క్‌లీ వారిది, 345వ పుట. ఇంకొకటి డోలన్, ఫిలిప్స్, వుడీలది, 347వ పుట. పోటీదారులు ఒకరి ఫలితం ఒకరు చదివి మర్నాటి నుంచి పని మెరుగుపరుచుకోగలిగారు. ఇవాళ ఆల్మా రిసీవర్లలో అత్యధికం ఈ మిక్సర్లతోనే నడుస్తున్నాయి.

మన వైపూ ఒక అధ్యాయం ఉంది, తిరుపతి నుంచి ఒక పూట బస్సు ప్రయాణంలో. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో 1980లలో 10.4 మీటర్ల మిల్లీమీటరు డిష్ కట్టారు. కాలిఫోర్నియాలో రాబర్ట్ లైటన్ రూపొందించిన నమూనా దానికి ఆధారం. షడ్భుజి ఆకారపు పలకలు కూర్చి, మొత్తాన్ని తిప్పుతూ కావలసిన వంపుకు చెక్కే పద్ధతి లైటన్‌ది. ఆయన పద్ధతిని పంచుకోవడం వల్లే అలాంటి డిష్ మన గడ్డ మీద నిలిచింది. బెంగళూరు గాలి ఈ పనికి అనువైనదేమీ కాదు. అయినా రిసీవర్ చల్లబరచడం, పలక సరిచేయడం, గురి కుదర్చడం చేతులతో నేర్చుకున్న ఒక తరం అక్కడ తయారైంది. లదాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎంత పొడిగా ఉంటుందో 220 గిగాహెర్ట్జ్ దగ్గర కొలిచి చూసిన పని కూడా ఆ తర్వాత జరిగింది. ఆ చేతి పనంతా వివరంగా రాసి, ఎవరైనా చదువుకునేలా ఒకచోట పెట్టాలని నా కోరిక. పరిశోధన పత్రంలో ఏం కనుక్కున్నారో ఉంటుంది. ఏ బోల్టు బిగిస్తే డిష్ వంగిందో ఉండదు.

ఆ రెండో రకం రాతకు గొప్ప ఉదాహరణ మెమోలు. అమెరికాలో మిల్లీమీటరు యాంటెన్నాల సమూహం కట్టాలన్న ఆలోచన మొదలైనప్పటి నుంచి ఇంజినీర్లు చిన్న చిన్న మెమోలు రాసి, అంకె వేసి, అందరికీ అందుబాటులో ఉంచారు. యూరప్, జపాన్‌ల వేరువేరు ప్రణాళికలు దీనితో కలిసి ఆల్మా అయినప్పుడు ఆ వరుస అలాగే కొనసాగింది. 2013లో ప్రారంభమైన ఆల్మాలో 66 యాంటెన్నాలున్నాయి. ఏ స్థలం ఎంచుకోవాలి, యాంటెన్నాలు ఎంత దూరంలో పరచాలి, ఆవిరి వల్ల వచ్చే తడబాటును ఎలా సరిచేయాలి: అన్నీ ఆ మెమోల్లో ఉన్నాయి, తర్వాత వదిలేసిన ఆలోచనలతో సహా. విద్యార్థికి అన్నిటికన్నా విలువైనవి ఆ వదిలేసిన ఆలోచనలే.

డేటా పంచుకోవడానికీ ఒక చరిత్ర ఉంది. 1970ల చివర ఒక అబ్జర్వేటరీ టేపును ఇంకొకటి చదవలేని పరిస్థితి. ప్రతి కంప్యూటర్‌దీ వేరే లెక్క. 1979లో డాన్ వెల్స్, ఎరిక్ గ్రైసెన్ కూర్చుని ఫిట్స్ అనే ఉమ్మడి రూపానికి పునాది వేశారు. 1982లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని ఆమోదించింది. ఒకసారి ఫిట్స్‌గా చెల్లిన ఫైలు ఎప్పటికీ చెల్లాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం.

ఇక సమీప గతం వేగంగా చెప్పుకోవచ్చు. 1991లో పాల్ గిన్‌స్పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ పత్రాల భాండాగారం వల్ల పత్రాలు అచ్చు కాకముందే ఉచితంగా చదివే వీలు కలిగింది. బర్క్‌లీలో మొదలైన క్యాస్పర్ బృందం సిగ్నల్ ప్రాసెసింగ్ బోర్డుల రూపకల్పనను బహిరంగంగా ఉంచింది. వాటిలో రోచ్ అనే బోర్డులు పుణె దగ్గరి జీఎంఆర్‌టీ ఆధునికీకరణలోనూ వాడారు, కృష్ణబిలం నీడను 1.3 మిల్లీమీటర్ల దగ్గర పట్టిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపులోనూ వాడారు. ఆ బొమ్మ 2019 ఏప్రిల్ 10న వచ్చింది. దాని వెనక డేటా ఎంత భారీదంటే, నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కులు విమానాల్లో తరలించారు. దక్షిణ ధ్రువం నుంచి రావలసినవి అక్కడి శీతాకాలం గడిచేదాకా ఆగి 2017 డిసెంబరులో చేరాయి.

నా చదువు రోజుల్లో పరిశోధన పత్రం కావాలంటే రచయితకు కార్డు రాసేవాళ్లం. ‘మీ పత్రం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు’ అని. వారాల తర్వాత విదేశీ స్టాంపు అంటించిన కవరు వస్తే హాస్టలంతా చూపించేవాళ్లం. రాని కార్డులే ఎక్కువ. ఆ తర్వాత చందాలు పెరిగి, కార్డు స్థానంలో డాలర్ల గోడ వచ్చింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6000 కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు 2025 జనవరి నుంచి అందుతున్నాయి. ఇది పెద్ద మేలు, మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. కానీ తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రైవేటు డిగ్రీ కళాశాలల్లో చదివేవాళ్లు ఈ గీతకు బయట ఉన్నారు. వాళ్లకు మిగిలింది ఆర్కైవ్, మెమోలు, బహిరంగ డేటా. అందుకే అవి ఉచితంగా ఉండటం వాళ్ల భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

మొన్న అలాంటి కళాశాలలో చదివే అమ్మాయి ఒకరు లాప్‌టాప్ తెచ్చి మా ఇంట్లో కూర్చుంది. 2014లో ఆల్మా తన యాంటెన్నాలను దూరదూరంగా పరిచి హెచ్‌ఎల్ టౌరీ అనే పసి నక్షత్రాన్ని చూసింది. వృషభరాశిలో, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉందది. ఆ డేటాను అందరికీ తెరిచి పెట్టారు. ఆమె ముందుగా బొమ్మ చూపలేదు. ఫిట్స్ ఫైలు తలకట్టు (హెడర్) తెరిచి చూపింది. మొదటి పంక్తి: ‘సింపుల్ = టి’. ఒక్కో పంక్తికి సరిగ్గా 80 అక్షరాలు. ‘‘80 ఎందుకు సార్?’’ అంది. పాత కంప్యూటర్లకు సమాచారం ఎక్కించే పంచ్ కార్డుకు 80 నిలువు గళ్లుండేవని చెప్పాను. తాతల కాలం నాటి కార్డు కొలత తన లాప్‌టాప్‌లో ఇంకా బతికి ఉందని తెలిసి కాసేపు ఆ అక్షరాలను వేలితో లెక్కపెట్టింది. ఆ తర్వాత బొమ్మ తెరిచింది. నక్షత్రం చుట్టూ వలయాలు, నడుమ నల్లటి సందులు.

ఇంకో ప్రశ్న వేసింది. గాదంకిలో మైక్రోవేవ్ రేడియోమీటర్ ఉంది. 22 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో నీటి ఆవిరి వెలువరించే సంకేతాన్ని పట్టి, ఉరుములు, గాలివానలు ముంచుకొస్తున్నాయేమో అంచనా వేయడానికి దాన్ని వాడారు. ఆల్మాలో కూడా ప్రతి 12 మీటర్ల యాంటెన్నాకూ ఒక రేడియోమీటర్ ఉంది. అది 183 గిగాహెర్ట్జ్ దగ్గర అదే ఆవిరిని కొలుస్తుంది, దాని వల్ల తరంగానికి కలిగిన ఆలస్యాన్ని తీసివేయడానికి. ఇక్కడ ఆవిరి మనకు కావలసిన సమాచారం, అక్కడ వదిలించుకోవలసిన అడ్డు. ‘‘అయితే గాదంకి లెక్క నేర్చుకుంటే ఆల్మా లెక్క కూడా వస్తుందా సార్?’’ అని అడిగింది. సగం పైగా వస్తుందన్నాను. ఆవిరి కొలతలు ముడి డేటాలో ఉంటాయి, బొమ్మ ఫైలులో ఉండవు. ముడి డేటా చాలా పెద్దది. ఇంటికి వెళ్లి రాత్రిపూట కొంచెం కొంచెంగా దించుకుంటానని చెప్పి, నా దగ్గరున్న పాత హార్డ్ డిస్కు అడిగి తీసుకెళ్లింది.