మొక్కల్ని చూసి కట్టడం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఆర్కిటెక్ట్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను, అప్పుడప్పుడూ విద్యార్థుల థీసిస్‌లూ చూస్తుంటాను. ఇల్లు కట్టుకునేవాళ్లూ, విద్యార్థులూ ఫోన్ తీసి చూపించేది ఒకటే ఫొటో, ఢిల్లీ లోటస్ టెంపుల్. "సర్, మనదీ ఇలా తామర పువ్వులా రావాలి."

అపోహ: మొక్క ఆకారంలో కడితే మొక్క నుంచి నేర్చుకున్నట్టే.

దాన్ని ఎలివేషన్ అంటారండీ, అంటే బయటికి కనిపించే రూపు. 1986లో తెరిచిన ఆ గుడిలో తామర ఒక ప్రతీక, 27 రేకుల వంపులు కుదరడం వెనక ఇంజనీర్ల లెక్కలు బోలెడున్నాయి. ఆ లెక్కలు లేకుండా ఫొటో చూపించి మేస్త్రిని పోయమంటే ఏమవుతుందో ఆమదాలవలస వైపు ఒక పోర్టికోలో చూశాను. వంపు సెంట్రింగ్‌కి (కాంక్రీటు పోసే అచ్చుకి) మామూలు స్లాబ్ కన్నా ఖర్చు చాలా ఎక్కువైంది, పైగా రెండు రేకులు కలిసే గాడిలో వాన నీరు నిలిచి కిందికి కారుతోంది. "పువ్వు బాగుందన్నారు గానీ బాబూ, కింద బకెట్ పెట్టుకోవాలని ఎవలూ చెప్పలేదు" అన్నారు ఆ ఇంటాయన. పాపం, కూతురి పెళ్లికని చేయించుకున్నారు.

నిజంగా మొక్క నుంచి నేర్చుకోవడం అంటే ఇదీ: 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనం కట్టిన పాక్స్‌టన్ అసలు తోటమాలి. పెద్ద కలువ ఆకు అడుగున ఈనెలు అల్లుకున్న తీరు చూసి, ఆ ఆకు మీద తన కూతుర్నే నిలబెట్టాడు. 1936లో కాలిపోయిన ఆ భవనం ఏ వైపు నుంచి చూసినా ఆకులా ఉండేది కాదు, ఆకు బరువు మోసే పద్ధతి మాత్రం దాని కప్పులో ఉండేది.

అంతదూరం ఎందుకు, కోసిన తాటి దుంగని చివరి నుంచి చూడండి. అంచున నల్లటి పీచు దట్టంగా, గట్టిగా ఉంటుంది, నడుమకి వచ్చేసరికి మెత్తన. గాలికి మాను వంగినప్పుడు లాగుడూ నొక్కుడూ ఎక్కువ పడేది అంచు మీదే, అందుకే బలమంతా అక్కడుంది. మనవాళ్లు దూలాలకీ వాసాలకీ ఆ అంచు చేవనే తీసుకున్నారు. తాటాకు మడతలూ అంతే, చదునుగా ఉంటే వేలాడిపోయే ఆకుని ఆ మడతలే నిలబెడతాయి.

అపోహ: చెట్టు తుఫానుకి ఆగుతుంది కాబట్టి ఆ ఆకారంలో కట్టిన ఇల్లూ ఆగుతుంది.

2018 తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి తోటలు ఏమయ్యాయో శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పాలా? నిలిచిన చెట్టు కూడా వంగి, ఆకులు ముడుచుకుని గాలిని వదిలేస్తుంది, కాంక్రీటు అలా వంగదు. పైగా ఒక ఆకారాన్ని అన్ని వైపులా పదింతలు చేస్తే బరువు వెయ్యింతలవుతుంది, దాన్ని మోసే అడ్డుకోత వైశాల్యం వందింతలే. ఇంటి విషయంలో భయం ఉంటే తప్పులేదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో లెక్క కట్టించుకోండి, యూట్యూబ్ వీడియోలు చూసి నిద్ర పాడుచేసుకోకండి.

మిగతావి గబగబా. వెదురు పురుగు పట్టిపోతుందంటారు, బోరాక్స్-బోరిక్ యాసిడ్ ద్రావణంలో శుద్ధి చేయకుండా, వాన తగిలేలా వాడితే పోదా మరి? ఇదంతా విదేశీ ఫ్యాషన్ అంటారు, మన తీరంలో తాటాకు చుట్టిళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోతే థీసిస్ చేయలేమని పిల్లలు టెన్షన్ పడతారు. అట్టని తాటాకులా మడిచి, రెండు చివర్లూ ఆన్చి, పైన ఇటుక పెట్టి చూడండి. ముందు ఎక్కడ నలిగిందో ఫొటో తీసి షీట్‌లో పెట్టండి, జ్యూరీలో (థీసిస్ చూసి మార్కులేసే బృందంలో) మేం అడిగేది దాని గురించే.