కృప అంటే మాఫీ ఒక్కటేనా? యువ విశ్వాసుల్లో అపోహలు - వాస్తవాలు

ఆదివారం ఆరాధన అయ్యాక "ఎలా ఉన్నావు తమ్ముడూ?" అని అడిగితే "దేవుని కృప అన్నా, బాగున్నాను" అని జవాబొస్తుంది. మన సంఘాల్లో ఇంతగా నలిగిన మాట ఇంకొకటి లేదు. నలిగి నలిగి దాని అర్థం కూడా అరిగిపోయింది. యవ్వనస్థుల కూడికల్లో మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: కృప అంటే తప్పు చేశాక దొరికే క్షమాపణ.

వాస్తవం: క్షమాపణతో కృప మొదలవుతుంది, అక్కడితో ఆగదు. తీతు 2:11-12లో కృప మనకు "బోధించుచున్నది" అంటాడు పౌలు. అక్కడి గ్రీకు మాట పిల్లవాణ్ణి దిద్ది పెంచడానికి వాడేది. అంటే కృప మాఫీ చేసి వదిలేయదు, పలక పట్టించి పక్కనే కూర్చుని దిద్దిస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ రికార్డు సంగతే తీసుకోండి. ప్రయోగం చేయకుండానే సీనియర్ రికార్డులోని రీడింగులు ఎక్కించి, గ్రాఫు కూడా అలాగే గీసి, సంతకం పెట్టించుకుంటారు. అదే రాత్రి వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెడతారు. పక్క బెంచీ కుర్రాడు రెండూ చూస్తాడు. కృప దిద్దిన విద్యార్థి తన రీడింగులు గీతకు దూరంగా పడినా అవే రాస్తాడు, పోయే రెండు మార్కులు పోనిస్తాడు. దేవుని దగ్గర తన విలువ మార్కులతో తేలదని తెలుసు కాబట్టే ఆ ధైర్యం. ఎందుకలా చేశావని ఎవరైనా అడిగితే 1 పేతురు 3:15 చెప్పినట్టు సాత్వికంతో జవాబివ్వాలి. అడగకముందే ఉపన్యాసం మొదలుపెడితే పని చెడుతుంది.

అపోహ: అంతా కృపే అయినప్పుడు మన కష్టంతో పనేముంది?

వాస్తవం: 1 కొరింథీయులకు 15:10లో పౌలు కృప గురించి చెబుతూనే "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని" అన్నాడు. ఆ వెంటనే ఆ ప్రయాసను కృపకే అప్పజెప్పాడు. మన ప్రాంతంలోనే దీనికి సాక్ష్యం ఉంది. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతపు వి.ఎస్. అజరయ్య యవ్వనంలోనే వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థ పనిలో చేరారు. 1903లో, ముప్పై నిండకముందే, ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నిర్వహణా మనదే అన్నది దాని నియమం. ఆ పని నిజాం రాజ్యంలోని (ఇప్పటి తెలంగాణ) డోర్నకల్‌కు చేరింది. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకుని అక్కడే సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. భాష నేర్చుకోవడంలో పడిన పాట్లు, పల్లెల్లో తిరిగిన తిరుగుడు అన్నీ కృప చేయించిన పనే.

అపోహ: ప్రభావం చూపాలంటే మైకు, స్టేజీ, పాట ఉండాలి.

వాస్తవం: సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నది (2 రాజులు 5) చెప్పింది ఒక్క మాట: సమరయలోని ప్రవక్త దగ్గరికి వెళ్తే ఆయన కుష్ఠు నయమవుతుందని. ఆమె పేరు కూడా మనకు తెలియదు. రోమీయులకు 12:6-8లో కృపావరాల (దేవుడు ఉచితంగా ఇచ్చే సామర్థ్యాల) వరుస చూడండి: బోధతో పాటు పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం ఉన్నాయి. "కృపావరం" అనే మాటలోనే కృప ఉంది. కీబోర్డు రాని అమ్మాయిని కుర్చీలు సర్దడానికే పరిమితం చేసే కూడిక ఆ వరుసను సగమే చదివినట్టు.

అపోహ: యూత్ క్యాంపులో కన్నీళ్లతో తీర్మానం చేసుకుంటే చాలు.

వాస్తవం: క్యాంపు తీర్మానాలు మూడు వారాల్లో చల్లబడటం మామూలే. తీర్మానం అబద్ధమని కాదు, ఇంటికొచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేక. అందుకే క్యాంపు ముగిసేలోపే ముగ్గురు నలుగురితో చిన్న గుంపులు వేయాలి. అబ్బాయిలు వేరు, అమ్మాయిలు వేరు. వారానికి ఒకసారి నలభై నిమిషాలు, పది పదిహేను వచనాలు. "ఈ వారం ఎలా ఉంది?" అని అడిగితే పాత జవాబే వస్తుంది. "సోమవారం ల్యాబ్‌లో ఏం జరిగింది? ఇంట్లో నాన్నగారితో ఎలా మాట్లాడావు?" అని అడగండి. గుంపు ఆరు దాటితే సిగ్గరి నోరు విప్పడు. ఒకరు ఒప్పుకున్న పాపం "ప్రార్థన మనవి" పేరుతో బయటికి పొక్కిందంటే ఆ గుంపు ఇక నిలవదు. అయితే ఎవరికైనా హాని జరుగుతోందని తెలిస్తే దాచకూడదు, బాధ్యతగల పెద్దలకు చెప్పి తీరాలి.

అపోహ: సేవ అనేది జనాన్ని సంఘానికి రప్పించే మార్గం.

వాస్తవం: ఎరగా వాడిన సేవ కృప కాదు, బేరం. వాడలో సాయంత్రం ట్యూషన్ పెడితే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, ఆదివారం గుడికి రావాలని షరతు పెట్టకండి, తలుపు తీసే ఉంచండి, పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఎనిమిది పది మంది పిల్లలతో, వారానికి మూడు రోజులు, గంట చొప్పున మొదలుపెట్టండి. మొదటి రోజు రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి, ఎవరు ఎక్కడున్నారో తేలిపోతుంది. ఇవి ఆగిపోయేది ఎక్కువగా చెప్పేవాళ్ల సెమిస్టర్ పరీక్షలప్పుడే. రెండు వారాలు తాళం వేస్తే పిల్లలు తిరిగి రారు. మూడో మనిషిని ముందే సిద్ధం చేసుకున్నాకే తలుపు తెరవండి.

రక్తదానమూ అంతే. వయసు 18 దాటాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. ఉపవాస ప్రార్థన రోజున మాత్రం క్యాంపు పెట్టకండి, ఖాళీ కడుపుతో రక్తమిస్తే కళ్లు తిరుగుతాయి. కాలేజీలకు సెలవులిచ్చే వేసవిలో దాతలు తగ్గుతారు, మీ సంఘం తేదీ ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి.