జనవరి 1న చేతులు మారే జాబితా

ఏటా జనవరి 1న ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి ఒక చిన్న లాంఛనం జరుగుతుంది. ఇక్కడి విదేశాంగ శాఖ పాకిస్తాన్ హైకమిషన్‌కు, అక్కడి విదేశాంగ శాఖ భారత హైకమిషన్‌కు ఒక్కో జాబితా అందజేస్తాయి. తమ అణు కేంద్రాలు ఏవి, అవి ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉన్నాయి అన్న వివరాలే అందులో ఉంటాయి. పరాయి కంట పడకుండా కాపాడుకునే చోట్ల ఆచూకీని ప్రత్యర్థికే రాసివ్వడం పైకి వింతగానే తోస్తుంది. అసలు ఉద్దేశం మాత్రం సూటిగా ఉంది: ఇది ఫలానా చోట ఉందని చెప్పాక, తెలియక కొట్టామని రేపు అవతలివారు అనడానికి వీలుండదు.

ఈ ఏర్పాటుకు దారితీసిన భయం పుట్టింది బాగ్దాద్ శివార్లలో. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ యుద్ధ విమానాలు అక్కడి ఒసిరాక్ రియాక్టర్‌ను, అది పని మొదలుపెట్టకముందే, నేలమట్టం చేశాయి. అప్పటికి భారత్ 1974 మే 18న పోఖ్రాన్‌లో తొలి అణు పరీక్ష జరిపి ఏడేళ్లయింది. పాకిస్తాన్ రావల్పిండి సమీపంలోని కహుటాలో శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ ఆధ్వర్యంలో యురేనియం శుద్ధి కేంద్రాన్ని నడుపుతోంది. ఒసిరాక్‌కు పట్టిన గతే కహుటాకూ పడుతుందేమోనన్న అనుమానం ఇస్లామాబాద్‌ను వెంటాడింది. భారత్ అలాంటి దాడిని ఆలోచిస్తోందని అంతర్జాతీయ పత్రికల్లో కథనాలూ వచ్చాయి. కహుటాను కొడితే బదులుగా ట్రాంబేను కొడతారన్న లెక్క ఢిల్లీకీ తెలియనిది కాదు. ముంబయిని ఆనుకుని ఉన్న అణు కేంద్రం దెబ్బతింటే ఏమవుతుందో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

1985 డిసెంబర్ 17న ఢిల్లీకి వచ్చిన పాకిస్తాన్ అధ్యక్షుడు జనరల్ జియా ఉల్ హక్, ప్రధాని రాజీవ్ గాంధీ ఒకరి అణు కేంద్రాలపై ఒకరు దాడి చేయకూడదని నోటిమాటగా అనుకున్నారు. అది కాగితమెక్కడానికి మరో మూడేళ్లు పట్టింది. మధ్యలో రాజస్థాన్ ఎడారిలో సాగిన బ్రాస్‌టాక్స్ విన్యాసాలు 1987 ఆరంభంలో రెండు సైన్యాలనూ యుద్ధం అంచుకు తెచ్చాయి. జియా క్రికెట్ చూసే నెపంతో జైపూర్ వచ్చి ఉద్రిక్తతను కొంత దించారు. 1988 ఆగస్టులో ఆయన విమాన ప్రమాదంలో మరణించగా, ఎన్నికల్లో గెలిచి బేనజీర్ భుట్టో ప్రధాని అయ్యారు. సార్క్ సమావేశానికి రాజీవ్ ఇస్లామాబాద్ వెళ్లినప్పుడు, 1988 డిసెంబర్ 31న ఒప్పందంపై సంతకాలు జరిగాయి. 1991 జనవరి 27న అది అమల్లోకి వచ్చింది. 1992 జనవరి 1న తొలి జాబితాలు మారాయి.

ఒప్పందం పట్టుమని మూడు అధికరణాలు. అణు కేంద్రాన్ని ధ్వంసం చేసే లేదా దెబ్బతీసే ఏ చర్యకూ నేరుగా గానీ పరోక్షంగా గానీ పాల్పడకూడదని, ప్రోత్సహించకూడదని అందులో ఉంది. విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లతో పాటు ఇంధనం తయారుచేసే కర్మాగారాలూ నిర్వచనంలోకి వస్తాయి. హైదరాబాద్ మౌలాలి వైపు వెళ్లేవారికి తెలిసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ చేసే పని అదే. అయితే జాబితాలు రహస్యం, పేర్లు బయటపెట్టరు. తనిఖీల ఊసు ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇచ్చిన జాబితా పూర్తిదో కాదో చూసే యంత్రాంగమూ లేదు. విమర్శకులు దీన్నే లోపమంటారు. నా ఉద్దేశంలో ఇన్నేళ్లు నిలబడటానికి కారణమూ ఇదే: పరస్పర విశ్వాసం కోరే ఒప్పందమైతే కార్గిల్‌లోనే పోయేది.

విశ్వాసం కోరినవాటికి ఏం జరిగిందో చూడవచ్చు. 1998 మేలో భారత్ పోఖ్రాన్‌లో, పాకిస్తాన్ చాగాయ్‌లో పరీక్షలు జరిపిన తర్వాత, 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు. అక్కడి ప్రకటనలో అణు ప్రమాదాలను తగ్గించుకోవడంపై చాలా మంచి మాటలున్నాయి. మూడు నెలలు తిరగకుండానే కార్గిల్ కొండల మీద కాల్పులు మొదలయ్యాయి. 2003 జనవరిలో భారత్ తన అణు విధానాన్ని అధికారికంగా ప్రకటిస్తూ, ముందుగా తాను ప్రయోగించనని, తనపై ప్రయోగిస్తే భారీగా ప్రతీకారం తీర్చుకుంటానని చెప్పింది. పాకిస్తాన్ ఆ మొదటి మాట ఇవ్వలేదు. 2011లో పరీక్షించిన 60 కిలోమీటర్ల పరిధి గల నస్ర్ క్షిపణితో, భారత సైన్యం చొచ్చుకొస్తే యుద్ధరంగంలోనే అణ్వస్త్రం వాడతామన్న సంకేతం పంపింది.

ఈలోగా 2005 అక్టోబర్‌లో మరో ఒప్పందం కుదిరింది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు కబురు చెప్పాలి. క్రూయిజ్ క్షిపణుల్ని అందులో చేర్చలేదు. 2022 మార్చి 9 సాయంత్రం ఒక బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి పొరపాటున భారత్ నుంచి ఎగిరి పాకిస్తాన్ పంజాబ్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. దానిలో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. సాంకేతిక లోపమని ఢిల్లీ ప్రకటించింది మార్చి 11న. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించింది. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య రెండు రోజులు చిన్న వ్యవధి కాదు.

జనవరి 1నే ఖైదీల జాబితాలూ మారతాయి. 2008 ఒప్పందం ప్రకారం వాటిని జూలై 1న మరోసారి ఇస్తారు. గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి 2018లో కరాచీ జైలు పాలై, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్ల కుటుంబాలకు అలాంటి కాగితంలో పేరుండటం ఎంత విషయమో తెలుసు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేసింది. సిమ్లా సహా అన్ని ద్వైపాక్షిక ఒప్పందాలనూ పక్కనపెట్టే హక్కు తమకుందని పాకిస్తాన్ ప్రకటించింది. మే నెల ఘర్షణలో సర్గోధా సమీపంలోని కిరానా కొండలపై భారత్ దాడి చేసిందన్న ప్రచారం సాగగా, అక్కడ అణు కేంద్రం ఉన్నట్టు తమకు తెలియదని, చెప్పినందుకు కృతజ్ఞతలని, తాము అక్కడ కొట్టలేదని భారత వైమానిక దళానికి చెందిన ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి విలేకరులతో అన్నారు. రేడియేషన్ లీకేజీ ఏదీ లేదని అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ కూడా చెప్పింది. రాయబార కార్యాలయాల్లో సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించి, గగనతలాలు మూసి, అట్టారీలో వ్యాపారం ఆపేసి ఉన్న స్థితిలోనే 2026 జనవరి 1 వచ్చింది. ఆ రోజు రెండు రాజధానుల్లోనూ జాబితాలు వరుసగా 35వసారి చేతులు మారాయి.