వీధి దీపానికి వాయిదా ఎవరు కడతారు?

గోదావరి పట్టణాల్లో ఇప్పుడు ఒక వీధి దీపం ఆరిపోతే ముందు తేల్చాల్సింది ఆ దీపం ఎవరిదని. 2015 తర్వాత స్తంభాలకెక్కిన ఎల్ఈడీల్లో చాలావాటిని మున్సిపాలిటీలు డబ్బిచ్చి కొనలేదు. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టుబడి పెట్టి బిగించింది. కరెంటు బిల్లులో మిగిలే సొమ్ములోంచి మున్సిపాలిటీ సాధారణంగా ఏడేళ్ల పాటు వాయిదాలు కట్టాలి, అన్నాళ్లూ పోయిన దీపం మార్చే పూచీ బిగించినవారిది. గడువు తీరాక దీపమూ మరమ్మతూ రెండూ మున్సిపాలిటీవే. ఆ మరమ్మతుకు పద్దు ఎక్కడుందని వెతికితే కథ నూట యాభై ఏళ్లు వెనక్కి పోతుంది.

1865 నాటి మద్రాసు పట్టణాల చట్టం కింద కాకినాడ, ఏలూరు, రాజమండ్రి వంటి ఊళ్లకు మున్సిపాలిటీలు వచ్చాయి. ఊరి ఖర్చులో ఎక్కువ భాగం ఊరి పన్నులతోనే వెళ్లాలన్నది అప్పటి లెక్క. 1920 నాటి చట్టమూ, తర్వాత 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టమూ ఆస్తి పన్నును ముక్కలుగా విడగొట్టాయి: సాధారణ అవసరాలకు ఒకటి, నీటికీ మురుగుకూ ఒకటి, దీపాలకు ఒకటి, పారిశుధ్యానికి ఒకటి. అంటే దీపం పన్ను విడిగా కడుతూనే వచ్చాం. వసూలైన డబ్బు మాత్రం ఒకే మున్సిపల్ నిధిలో కలుస్తుంది, అందులోంచి ముందు జీతాలు పోతాయి. గ్రంథాలయ పన్ను దారి వేరు. 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్ను రూపాయికి ఎనిమిది పైసలు చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించాలి. ఆలస్యమైనా ఆ బాకీ ఎంతో లెక్క తేలుతుంది. దీపాల పన్నుకు అలా అడిగే సంస్థ లేదు.

పన్ను చాలని చోట దాతలు ఆదుకున్నారు. రాజమండ్రి టౌన్ హాలును 1890లో కందుకూరి వీరేశలింగం సొంత డబ్బుతో కట్టించారు. రంగూన్ వ్యాపారంలో గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ ఆస్తి ధర్మసంస్థగా మారి, కాకినాడలో విద్యాసంస్థలు నడిచాయి. ఈ రెండింటిలో ఒక తేడా ఉంది. ఆస్తి రాసిచ్చిన చోట ఏటా వచ్చే రాబడి ఉంటుంది, సున్నం వేయించడానికీ పెంకు మార్చడానికీ చేతిలో డబ్బు ఆడుతుంది. కట్టడం ఒక్కటే ఇచ్చిన చోట ఆ ఖర్చు తర్వాతి తరం నెత్తిన పడుతుంది. కట్టించినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది, సున్నం వేయించినవారి పేరు ఎక్కడా ఉండదు.

తర్వాత పుష్కరాల డబ్బు. 1991, 2003, 2015, ఇక 2027. పన్నెండేళ్లకోసారి రాజమండ్రికి ఘాట్లు, రోడ్లు, దీపాలు, మరుగుదొడ్లు ఒక్కసారిగా మంజూరవుతాయి. ముహూర్తం కదలదు కాబట్టి ఆలస్యమంతా పని రోజుల్లోంచే కోతపడుతుంది. కాంక్రీటు తడపాల్సిన రోజులు తగ్గుతాయి, తడి ఆరని గోడకు రంగు పడుతుంది. పన్నెండు రోజుల తర్వాత జనం వెళ్లిపోతారు, కట్టినవన్నీ నగరపాలక సంస్థకు మిగులుతాయి.

1993లో మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ అమల్లోకి వచ్చాక కేంద్రం డబ్బు పథకాల పేరుతో పెద్ద మొత్తాల్లో రావడం పెరిగింది. 2016 జనవరిలో కాకినాడ స్మార్ట్ సిటీల తొలి 20 నగరాల జాబితాలోకి ఎక్కింది. నగరానికి కేంద్రం వాటా 500 కోట్లు, అంతే రాష్ట్రం కలపాల్సి ఉండేది. పట్టణాల నీటి, మురుగు పనులకు 2015లో వచ్చిన కేంద్ర పథకం అమృత్ తొలి విడతలో పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు సగం ఖర్చు కేంద్రానిది. అయితే నిర్వహణ ఖర్చు ఆ సాయంలో లేదు, వినియోగదారుల చార్జీల నుంచో ఇతర రాబడి నుంచో తెచ్చుకోవాలని మార్గదర్శకాల్లోనే ఉంది. మన డీపీఆర్‌లలో, అంటే పని మంజూరుకు ముందు రాసే వివర నివేదికల్లో, ఆ కాలమ్‌కు దక్కే శ్రద్ధ తక్కువ. 2021-26 నాటి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలోనూ మన స్థాయి పట్టణాలకు 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టారు. ఆ గ్రాంటు కావాలంటే ఆస్తి పన్ను సవరించాలన్నది ఒక షరతు. 2021 ఏప్రిల్ నుంచి మన ఇంటి పన్ను అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మారడం వెనక ఇలాంటి షరతులున్నాయి. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి కూడా పెట్టారు.

ఇక పొదుపులోంచే అప్పు తీర్చే పద్ధతి. ఇది కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. 40 వాట్ల ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి సుమారు 54 వాట్లు లాగుతుంది. దాని బదులు 18 వాట్ల ఎల్ఈడీ పెట్టి రాత్రికి 11 గంటలు వెలిగిస్తే ఏడాదికి దాదాపు 144 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే దీపానికి వెయ్యి రూపాయలు. అయిదు వేల దీపాలున్న పట్టణానికి ఏటా యాభై లక్షలు.

ఈ లెక్క తప్పేది పాత దీపాల గణన దగ్గర. నూరు స్తంభాలుంటే నూరూ వెలుగుతున్నట్టే రాస్తారు. నిజానికి అందులో ఇరవై ఎప్పుడో మాడిపోయి ఉంటే, కొత్తవి నూరూ వెలిగాక బిల్లులో తగ్గేది అనుకున్నదానికంటే 30 శాతం తక్కువ. వీధులు వెలుగుతాయి, అది మేలే. వాయిదా మాత్రం కాగితం లెక్క ప్రకారమే కట్టాలి.

రెండో లోపం ఒక వరుస దీపాలన్నిటికీ కలిపి ఉండే కంట్రోల్ పెట్టెలో ఉంటుంది. పెట్టెలో మీటరు, లోడు మితిమీరితే తెగే ఎంసీబీ, దీపాలను వెలిగించి ఆర్పే స్విచ్చు (కాంటాక్టరు), దానికి దూరం నుంచి ఆదేశం అందించే సిమ్ కార్డు ఉంటాయి. సిమ్ పనిచేయక దీపాలు వేళకు వెలగకపోతే, ఫిర్యాదు తప్పించుకోవడానికి కాంటాక్టరును దాటించి డైరెక్టు వైరు వేసేస్తారు. ఇక దీపం పగలూ వెలుగుతుంది. 18 వాట్ల దీపం 24 గంటలు వెలిగితే రోజుకు 432 వాట్‌అవర్లు. పాత ట్యూబ్‌లైటు రాత్రికి తాగింది 594. రోజుకు 396 మిగలాల్సిన చోట 162 మిగులుతుంది, అంటే ఆదాలో సగానికి పైగా పగటి వెలుగులో కలిసిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వెలిగే దీపం కనబడితే ఆ వరుస పెట్టె తెరిపించండి.

చెడేది కూడా ఎల్ఈడీ చిప్ కాదు, ఎక్కువగా దాని డ్రైవరు, అంటే కరెంటును చిప్‌కు తగినట్టు మార్చే భాగం. న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో ఓల్టేజి 230 దాటి ఎగబాకుతుంది, డ్రైవరు మాడిపోతుంది. కాకినాడ తీరంలో ఉప్పు గాలికి అల్యూమినియం తీగ, రాగి తీగ కలిసే ముడి దగ్గర చిలుము పడుతుంది. అక్కడ బైమెటల్ కనెక్టరు వేయాలి. ఉత్త మెలిక తిప్పి టేపు చుడితే తిరిగి ఎక్కాల్సిందే. కాబట్టి మరమ్మతు ఎస్టిమేటులో దీపాల కంటే ముందు డ్రైవర్లు, కనెక్టర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు, ఎర్తింగు ఉండాలి. నిచ్చెన వాహనం అద్దె మర్చిపోయే ఎస్టిమేట్లే ఎక్కువ.

పంపుల్లో మిగిలే సొమ్ము దీపాలకు తీసిపోదు. గంటకు 400 ఘనపు మీటర్ల నీటిని 30 మీటర్ల హెడ్‌కు (నీటిని ఎత్తాల్సిన ఎత్తు) ఎత్తే పంపు, మోటారు కలిపి 45 శాతం సామర్థ్యంతో నడిస్తే దాదాపు 73 కిలోవాట్లు లాగుతాయి. అదే 68 శాతానికి తెస్తే 48 చాలు. రోజుకు 16 గంటలు నడిపితే ఏడాదికి 1.43 లక్షల యూనిట్లు, సుమారు పది లక్షల రూపాయలు. ఒక్క పంపుసెట్టుకే.

డెల్టాలో ఈ నష్టానికి కారణాలు తెలిసినవే. కాలువ నీటి ఒండ్రుకు ఇంపెల్లరు, అంటే పంపులో తిరిగే రెక్కల చక్రం, అరుగుతుంది. నేల చదునుగా ఉన్నచోట కూడా హెడ్ ఎక్కువ రాసి పెద్ద పంపు కొంటారు, తర్వాత డెలివరీ వాల్వు సగం మూసి నడుపుతారు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఊరికి మంచినీటి చెరువే గతి. చెరువు మట్టం మూడు మీటర్లు దిగితే పంపు నీటిని పీల్చాల్సిన సక్షన్ ఎత్తు మూడు మీటర్లు పెరుగుతుంది, పంపు గులకరాళ్లు మింగినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటూ నడిపితే ఇంపెల్లరుకు గుంటలు పడతాయి.

కొత్త పంపు ఒప్పందానికి ముందు నిండు చెరువుకు ఒకటి, మే నెల మట్టానికి ఒకటి, రెండు రీడింగులు తీయాలి. ఫ్లో మీటరు, ప్రెషర్ గేజి, ఎనర్జీ మీటరు మూడూ ఒకే గంటలో చదివి రిజిస్టరులో రాయాలి. చాలా పంపుహౌసుల్లో గేజి ముల్లు సున్నా దగ్గర తుప్పు పట్టి ఆగి ఉంటుంది. ఆ గేజి మార్చడానికి ఏ పథకమూ అక్కర్లేదు.