చేతిలో కాగితం లేకుండా

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

కాగితం చూడకుండా సభలో మాట్లాడడం ఎలాగో చెప్పమని అడిగారు. అది జ్ఞాపకశక్తికి సంబంధించిన విద్య అని మీరు అనుకుంటున్నట్టుంది. మీ వయసులో నేనూ అలాగే అనుకుని, ఐదు నిమిషాల ప్రసంగాన్ని పొల్లు పోకుండా బట్టీ పట్టి వేదిక ఎక్కాను. మూడో పేరా మొదట్లో ఒక్క మాట జారిపోయింది. అది దొరికితే గాని తరువాతి వాక్యం రాదు కనుక మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. సరిగ్గా అక్కడికే వచ్చి మళ్ళీ ఆగిపోయాను. ముందు వరుసలో ఒకావిడ నాకంటే ఎక్కువ కంగారుపడుతూ, ఆ మాటేదో తనే అందిద్దామన్నట్టు పెదవులు కదపడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

విషయం తెలియక ఆగిపోలేదు. అదే సంగతి ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. నేను మోసుకెళ్ళింది మాటలను. మోసుకెళ్ళవలసింది వాటి వెనక ఉన్న వరుసను.

గ్రీకు కవి సైమోనిడీస్ గురించి రోమన్ వక్త సిసెరో ఒక కథ చెప్పాడు. విందు జరుగుతున్న ఇంటి కప్పు కూలి, చనిపోయినవారిని పోల్చుకోలేని స్థితి వచ్చినప్పుడు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తలచుకుని సైమోనిడీస్ వారి ఆనవాళ్ళు చెప్పగలిగాడట. కథ సంగతి ఎలా ఉన్నా, ప్రాచీన వక్తలు తమ అంశాలను తెలిసిన ఇంటి గదుల్లో ఒక్కొక్కటిగా ఉంచినట్టు ఊహించుకుని, మాట్లాడేటప్పుడు మనసులోనే ఆ ఇంట్లో నడిచేవారు. మీకు నాలుగైదు గదులు చాలు.

అయితే గదుల్లో తప్పిపోయేవారు తక్కువ, గుమ్మాల దగ్గర తప్పిపోయేవారే ఎక్కువ. నిద్ర గురించి మాట్లాడుతున్నారనుకోండి. నేర్చుకున్నది నిద్రలో మనసులో కుదురుకుంటుందన్నది ఒక గది, పరీక్షల చదువు మరొక గది. మొదటిది ముగించి “ఇకపోతే” అంటే మీకూ దారి కనబడదు, వినేవారికీ కనబడదు. “మరి పరీక్ష ముందు రాత్రి మనం చేస్తున్నదేమిటి?” అని అడిగితే ఆ ప్రశ్నే మిమ్మల్ని రెండో గదిలోకి చేయి పట్టుకుని తీసుకుపోతుంది. అందుకే నేను బట్టీ పట్టేవి మొదటి వాక్యం, చివరి వాక్యం, మధ్యలో ఈ గుమ్మాలు మాత్రమే. అంకెలనూ ఇతరుల మాటలనూ చిన్న చీటీ మీద రాసుకుని చూసి చదువుతాను. అందులో నామోషీ ఏమీ లేదు.

ముందు ప్రసంగమంతా రాయండి, తరువాత ఆ కాగితం పక్కన పెట్టి మూడుసార్లు పైకి చెప్పుకోండి. మూడుసార్లూ అవే మాటలు వస్తే అనుమానించండి, బట్టీ మళ్ళీ తలెత్తిందన్నమాట. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన పాఠాన్ని వదిలి తన కల గురించి చెప్పినప్పుడు, అది అప్పటికప్పుడు పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఆ భావాన్ని ఆయన అంతకుముందే వేరే సభల్లో చెప్పి ఉన్నాడు. ఆశువుగా కనిపించేదాని వెనక అంత సాధన ఉంటుంది.

ఎంత సాధన చేసినా ఏదో ఒకటి మరచిపోతారు. బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్ 2014లో తన పార్టీ మహాసభలో గంటకు పైగా కాగితం లేకుండా మాట్లాడి, ప్రభుత్వ బడ్జెట్ లోటు గురించిన భాగాన్నే వదిలేశాడు. రాసిన పాఠం విలేఖరులకు అందడంతో ఆ సంగతి బయటపడింది. మీ పాఠం ఎవరి చేతిలోనూ ఉండదు కనుక, ఏ గది దాటేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు. దారి తప్పితే క్షమాపణలు చెప్పకండి; ఒక గుక్క నీళ్ళు తాగి, అప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో మళ్ళీ చెప్పండి. నాకైతే ఆ వాక్యం సగంలో ఉండగానే తరువాతి గుమ్మం కనబడుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య