కొత్త క్రూజర్‌కు పాత బండి కళ: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు ముందు ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. పాతకాలం బుల్లెట్టో, మైసూరు జావానో ఉంటుంది అందులో. "అన్నా, నా మీటియర్ ఇలా అవ్వాలి." మీటియర్ అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్రూజర్, కాళ్లు ముందుకు పెట్టి నింపాదిగా తోలే బండి. చాలావరకు అవుతుంది. కాకపోతే ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియాలి. లేదంటే బండి పాతదిలా కాదు, పాడైపోయినదానిలా కనిపిస్తుంది.

అపోహ: సైలెన్సర్ మారిస్తే పాత డుగ్‌డుగ్ వచ్చేస్తుంది.

ఆ శబ్దం పుట్టేది ఇంజన్‌లో. పాత 346 సీసీ బుల్లెట్‌కు బోరు (సిలిండర్ వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ. మీటియర్‌ది 349 సీసీ; బోరు 72, స్ట్రోకు 85.8. పైగా అదురు తగ్గించడానికి లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పాతదాంట్లో బరువైన ఫ్లైవీల్ నింపాదిగా తిరిగేది కాబట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినిపించేది. కొత్త బండికి సైలెన్సర్‌లో గుజ్జంతా పీకేస్తే వచ్చేది ఒట్టి మోత. బీఎస్6 కాలుష్య నిబంధనలకు తగ్గట్టు చేసిన బండికి బెండు పైపులో, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సార్ కూడా ఉంటుంది. దాని లెక్క తప్పితే బండి యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా టపటపా పేలుతుంది. ఇక పోలీసుల సంగతి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోవడం, అన్నీ ఉన్నాయి.

అపోహ: పాత బుల్లెట్ ట్యాంకు తెచ్చి బిగిస్తే చాలు.

అన్నిటికంటే ప్రమాదకరమైన కోరిక ఇదే. పాత బండిలో పెట్రోలు దానంతటదే కార్బ్యురేటర్‌లోకి దిగేది. ట్యాంకు కింద ఒక ట్యాపు ఉంటే సరిపోయేది. కొత్తవి ఇంజెక్షన్ బండ్లు, అంటే పెట్రోలును పంపుతో నెట్టి ఇంజన్‌లోకి చిమ్మేవి. వీటికి ఆ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టడానికి అడుగున గుండ్రటి రంధ్రం, చుట్టూ చదునైన అంచు, ఆ అంచు మీద రబ్బరు రింగు. పాత ట్యాంకుకు ఇవేవీ ఉండవు. వెల్డింగ్ చేసి అంచు అతికించొచ్చుగా అంటారు. వేడికి ఆ రేకు కాస్త వంగినా రింగు సరిగ్గా కూర్చోదు, పెట్రోలు చెమ్మ నేరుగా వేడి ఇంజన్ మీదికి దిగుతుంది. అది చాలదన్నట్టు పాత ట్యాంకులోని తుప్పు రజను పంపునీ ఇంజెక్టర్‌నీ తినేస్తుంది. ఎంత బతిమాలినా ఈ పని మేం ఒప్పుకోం.

అసలు ట్యాంకు మార్చాల్సిన పనే లేదు. మీటియర్ ట్యాంకు గుండ్రంగానే ఉంది. పాత కళ తెచ్చేది దాని మీది రంగు, గీత. మద్రాసులో తయారైన బుల్లెట్ ట్యాంకుల మీద బంగారు గీత చేత్తోనే వేసేవారు. స్టిక్కర్ గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం, అంచు గోటికి తగులుతుంది. చేతి గీత బ్రష్ ఆనించిన చోట కాస్త లావు, వంపు తిరిగే చోట సన్నం. మా పెయింటర్ చిటికెన వేలు ట్యాంకుకు ఆనించి, పొడుగు వెంట్రుకల బ్రష్‌ను ఒకే లాగులో తెస్తాడు. ఆ సమయంలో పక్కన ఎవరూ మాట్లాడకూడదు. పైన 2కే క్లియర్ కోటు (గట్టిపరిచే మందు కలిపి కొట్టే రంగులేని పూత) పడితే పెట్రోలు చిందినా గీత చెదరదు. కస్టమర్ దగ్గర డబ్బు తక్కువుంటే మిగతావన్నీ ఆపి దీనికే పెట్టమంటాను.

అపోహ: తుప్పు పట్టినట్టు ఉంటేనే వింటేజ్.

యాసిడ్ పోసి రేకు తినిపించమని అడిగేవాళ్లున్నారు. ఆ రోజుల్లో ఆ బండ్లు అద్దంలా మెరిసేవి బాబూ.

అపోహ: మిలిటరీ గ్రీన్ కొట్టిస్తే తిరుగులేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తెచ్చిన క్లాసిక్ 500 పెగాసస్ బండిని విదేశాల్లో ఆకుపచ్చలోనూ అమ్మారు, ఇక్కడ మాత్రం గోధుమ రంగే. వేరే ఏ రంగు కొట్టించినా ఆర్సీలో ఎక్కించుకోవాలి.

అపోహ: స్పోకు చక్రాలు ఏవైనా పట్టేస్తాయి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేయాలంటే చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగు, దాని పక్కన సెన్సార్ సరైన దూరంలో ఉండాలి. వేరే హబ్బు వేస్తే మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలిగి ఇక ఆరదు. మీటియర్‌లో అరోరా రకానికి కంపెనీయే స్పోకులిచ్చింది కాబట్టి ఆ చక్రాలే చూసుకోండి. అవి ట్యూబు టైర్లు. హైవే మీద పంక్చరైతే చక్రం ఊడదీయాల్సిందే, అది ముందే చెప్పేస్తాం.

అపోహ: సామాను ఎంత తగిలిస్తే అంత పాత లుక్కు.

తోలు సంచులు, ఇత్తడి హారన్, పుర్రె బొమ్మలు... అది తిరునాళ్ల బండి అవుతుంది. పది అడుగుల దూరం నుంచి కంటికి ఆనేది బండి ఆకారం ఒక్కటే. క్రూజర్‌కు ఫుట్‌రెస్టులు ముందుకుంటాయి, సీటు కిందికుంటుంది, వెనక 17 అంగుళాల లావు టైరు. పాత బుల్లెట్‌కు ముందూ వెనకా 19 అంగుళాల సన్న చక్రాలు. ఈ ఒంటికి ఆ చొక్కా పట్టదు. నన్నడిగితే మీటియర్‌కు నప్పేది 1940ల అమెరికా బండ్ల వేషం. ఇండియన్ చీఫ్‌కు 1940లో వచ్చినట్టు టైరును సగం కప్పేసే లోతైన మడ్‌గార్డులు, వెడల్పు హ్యాండిల్, ముదురు మెరూన్ రంగు. చాలు.

అపోహ: నా బండి, ఛాసిస్ కోసుకుంటే ఎవరికేంటి?

బాబర్ సీటు (ఒక్కరే కూర్చునే పొట్టి సీటు) కోసం వెనక ఫ్రేము కోయమంటారు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలూ పడొచ్చు. యాక్సిడెంటైతే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు చూసేది ఆ కోతనే.

అపోహ: ఇంత చేశాక వింటేజ్ నంబరు ఇస్తారు.

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం నంబరులో 'వీఏ' అక్షరాలు రావాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉండాలి. నిన్నమొన్న కొన్న మీటియర్‌కు ఆ యోగం ఇంకో యాభై ఏళ్ల తర్వాతే, అదీ మా చెయ్యి పడకుండా ఉంటేనే.